గృహవినోదములు: మొదటి పగడము



పగడమన్నంతనే మన తలంపునకు వచ్చునది మంగళసూత్రమున నల్లపూసల నడుమ మెఱయు ఎఱ్ఱని పూస. నవరత్నములలో దానికొక స్థానము కలదు. సంస్కృతమున దానిని విద్రుమమనియు, ప్రవాళమనియు అందురు. ప్రవాళమనునది లేత చిగురునకును పేరే. కొమ్మలుగా చీలి, చిగురువలె ఎఱ్ఱనై యుండుటచే పూర్వులు దానిని కడలిలో మొలచిన చెట్టుగా భావించిరి. పాశ్చాత్య పండితులును బహుకాలము అట్లే తలంచిరి. 18వ శతాబ్దమున పెయిసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు పగడమును సముద్రజలములో నుంచి పరిశీలించి, దానిపై విచ్చుకొనునవి పువ్వులు కావనియు, అవి ప్రాణులేయనియు చెప్పెను. ఆ మాట పండితలోకమునకు రుచించుటకు చాల యేండ్లు పట్టెను.

మనము మెడలో ధరించు పూస ఆ ప్రాణులు విడిచిపోయిన యెముక వంటిది. ఈ నెల మేము వ్రాయబూనినది ఆ పూసను గూర్చి కాదు. ఇంట గాజుతొట్టిలో, ఉప్పునీటియందు పెంచుకొను సజీవమైన పగడమును గూర్చి. ఈ విషయమై మాకు రెండు జాబులు వచ్చినవి. టెక్సాసున కాపురమున్న ఒక సోదరి ఇట్లు వ్రాసినది: "మా అమ్మాయికి పండ్రెండేండ్లు. ఉప్పునీటి అక్వేరియం పెట్టి మూడు నెలలైనది. చేపలు రెండును హాయిగా నున్నవి. ఇప్పుడు పగడము కావలెనని పట్టుబట్టినది. అంగడిలో చూడగా నూఱు రంగులు! మొదట ఏది కొనవలెను?" విశాఖపట్టణమునుండి మఱొక సోదరి: "మా కోడలు పుట్టినింట చేపలను పెంచిన పిల్ల. ఉప్పునీటి తొట్టి పెట్టుకొన్నది. ఒక వర్తకుడు సజీవమైన రాతి పగడమును చవుకగా ఇప్పింతునని చెప్పుచున్నాడట. తీసికొనవచ్చునా?"

ప్రశ్న ఒక్కటివలె కన్పట్టుచున్నను ప్రత్యుత్తరము రెండు విధములుగా నుండును. రెండింటికిని మూలమైన సంగతి మాత్రమొక్కటే. దానిని ముందు చెప్పెదము.

పగడపు ప్రాణిని పాలిప్ అందురు. అది చిన్న సంచి వంటిది. సంచికి ద్వారమొక్కటే, నోరును అదియే, విసర్జనమార్గమును అదియే. ఆ నోటి చుట్టును మృదువైన స్పర్శకములుండును. ఒక పాలిప్ తననుండి మఱొకదానిని పుట్టించుచు గుంపుగా పెరుగును. ఉష్ణసముద్రములయందు దిబ్బలపై పెరుగు పగడములలో పెక్కింటి దేహమునందు కంటికి కానరాని నాచు కణములు కాపురముండును. అవి వెలుతురును గ్రహించి ఆహారమును వండి, అందులో అధికభాగమును తమకు నీడ నిచ్చిన ప్రాణికి పెట్టును. ప్రాణి విసర్జించునది వానికి ఎరువగును. ఒకే పొయ్యిపై బ్రదుకు రెండు కుటుంబముల వంటి పొత్తు ఇది.

నీరు వేడెక్కినచో ఈ పొత్తు చెడును. ప్రాణి తన నాచును వెలికి త్రోసివైచి తెల్లబడును. నాచు మరల చేరనిచో ఆకలిచే నశించును. సముద్రమునందే, వేసవిలో అత్యధికముగా వేడియుండు నెల సగటుకంటె ఒక్క డిగ్రీ హెచ్చుగా నాలుగు వారములు నిలిచెనా, పగడములు తెల్లబడ నారంభించునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. 1998 లోను, 2010 లోను, 2014 మొదలు 2017 వఱకును, మరల 2023 నుండియు భూగోళమంతట ఇట్టి విపత్తు సంభవించెను. మహాసముద్రమునందే ఒక్క డిగ్రీకి తాళలేని ప్రాణి, మన వసారాలోని 100 లీటర్ల నీటిలో ఎంతటి మార్పునకు తాళగలదో యోచింపుడు. సముద్రము నెమ్మదిగా మారును. తొట్టి ఒక్క మధ్యాహ్నములో మారును.

కావున అంగడికి పోకముందే ఇంట కూర్చుండి ఒక ప్రశ్న వేసికొనవలెను. సంవత్సరమునందు మీ ఇంటికి మిక్కిలి చెడ్డ వారమేది? వైశాఖమాసపు ఎండలో కరెంటు పోయిన వారమా? పెండ్లికై ఇల్లు తాళము వేసి పోయిన వారమా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖపట్టణము దినముల తరబడి చీకటిలో మునిగెను. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుచే టెక్సాసునందు లక్షలాది ఇండ్లకు కరెంటు పోయెను. మంచి దినములలో ఏ పగడమైనను బ్రదుకును. ఆ చెడ్డ వారమును దాటి బ్రదుకగలది ఏదో అదియే మీ మొదటి పగడము. రంగును చూచి కాక, ఆ వారమును తలంచుకొని ఎంచుకొనవలెను. మేము చెప్పదలచిన దంతయు ఈ ఒక్క మాటయే. తక్కినది దీని వివరణము.

ఈ విషయమున మనకు మార్గదర్శిని యొక స్త్రీ యగుట సంతోషదాయకము. 1846 లో అనా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమునందు చిన్న రాతి పగడములను చూచి ముచ్చటపడి లండనునకు తీసికొనిపోయెను. దారిలో కదలి చెడకుండ వానిని సూదిదారముతో స్పంజికి కుట్టి, సముద్రజలము నింపిన జాడీలో నుంచెను. ఆ కాలమున మోటారు లేదు, పంపు లేదు. ఉన్న నీటినే తెఱచిన కిటికీయొద్ద ఒక పాత్రనుండి మఱొక పాత్రలోనికి ధారగా పోయుచు, పోయించుచు గాలి పట్టించెను. ఈ శ్రమలో ఇంటి పనిపిల్లయు పాలుపంచుకొనెను. తరువాతి సంవత్సరము సముద్రపు నాచును గూడ నీటిలో చేర్చెను. ఆ పగడములు బ్రదికి సంతతిని పెంపొందించెను. ఆమె వ్రాసికొన్న పరిశీలనములు 1859 లో ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో అచ్చుపడినవి. ఆమె దూరపు ఉష్ణసముద్రముల వింతలకు ఆశపడలేదు. తన దేశపు చల్లని నీటిలో పెరుగుదానినే తెచ్చుకొన్నది. కావున నీటిని వెచ్చజేయు చిక్కు లేకపోయెను. ఇల్లును బట్టి ప్రాణిని ఎంచుకొనుట యన నిదియే.

ఇక మన తొట్టి సంగతి. మొదటి పగడమునకు ముందు నీరు సిద్ధమై యుండవలెను. క్రొత్తగా నింపిన తొట్టిలో చేపల విసర్జనము అమ్మోనియా యగును. దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు రాళ్లపై కుదురుకొనుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అమ్మోనియాయు నైట్రైటును పరీక్షలో సున్నగా నిలిచిన తరువాత మఱి కొన్ని వారములు ఓపిక పట్టుట మంచిది. టెక్సాసు సోదరి తొట్టికి మూడు నెలలు నిండినవి గావున, ఈ మొదటి మెట్టు దాటియుండును. అయినను పరీక్షించియే ముందునకు పోవలెను.

నీటికి వలసిన కొలతలివి. ఉప్పు లీటరునకు సుమారు 35 గ్రాముల పాళ్లు; రిఫ్రాక్టోమీటరులో 1.025 లేక 1.026 చూపవలెను. వేడిమి 25 లేక 26 డిగ్రీలు. క్షారత 8 లేక 9 డి.కె.హెచ్. కాల్షియము పదిలక్షలకు 400 మొదలు 450 పాళ్లు. నైట్రేటు 5 నుండి 10 పాళ్ల వఱకున్నను బాధ లేదు. మృదు పగడములకు మఱి కొంచెము హెచ్చినను కీడు లేదు. ఈ అంకెలను చూచి భయపడకుడు. అంకె సరిగా మధ్యలో నుండవలెననునది ముఖ్యము కాదు. నేడున్నట్లే ఱేపును ఉండవలెననునది ముఖ్యము. క్షారత ప్రతిదినము 8 గా నున్న తొట్టి, ఒకనాడు 7 గాను మఱునాడు 10 గాను ఊగులాడు తొట్టికంటె వేయిరెట్లు మేలు.

నీరు ఎచ్చటిది వాడవలెను? బావినీరును, కొళాయి నీరును పనికిరావు. మన ప్రాంతపు బోరునీటిలో సున్నము, కొళాయి నీటిలో క్లోరిను, కొన్ని గొట్టముల నుండి రాగియు కలియును. రాగి చేపకు మందైనను పగడమునకు విషము. చేపల జబ్బునకు రాగి మందు వేసిన తొట్టిలో పగడమును పెట్టరాదు. ఆర్.ఓ. యంత్రమున వడకట్టి, ఖనిజములను పూర్తిగా తీసివేసిన నీటిలో అక్వేరియం ఉప్పును కలుపుకొనవలెను. "మాకు సముద్రము గడపలోనే యున్నది గదా, ఆ నీరే తెచ్చుకొందుము" అని విశాఖ సోదరి అడుగవచ్చును. నౌకాశ్రయము చెంతనున్న నీటిలో నూనెయు మురికియు కలియును; వానకాలమున వాగులును నదులును తెచ్చు మంచినీటిచే తీరపు నీటి ఉప్పు తగ్గిపోవును. దానిని నమ్ముకొనరాదు.

తొట్టిలో నీరు ఆవిరియై తగ్గినప్పుడు చేర్చవలసినది ఉప్పునీరు కాదు, వడకట్టిన మంచినీరు. చారు మరిగినకొలది ఉప్పు ముదురునట్లే, తొట్టిలో నీరు పోయి ఉప్పు నిలుచును. ఈ చిన్న సంగతి తెలియక పగడములను పోగొట్టుకొన్నవారు పెక్కుమంది. దినదినమును నీటిమట్టము చూచుట, వారమునకొకసారి పదవవంతు నీటిని మార్చుట, ఈ రెండును తప్పనిసరి.

ఇప్పుడు పగడముల మాట. ఇవి స్థూలముగా రెండు తెగలు. రాతి పగడములు నీటిలోని కాల్షియమును, క్షారమును గ్రహించి రాతి యెముకలు కట్టుకొనును. అవి పెరిగినకొలది నీటిలో ఆ ద్రవ్యములు తఱుగుచుండును; వానిని లెక్కతో ప్రతిదినము భర్తీ చేయవలసి యుండును. మృదు పగడములకు అట్టి రాతి యెముక లేదు గావున నీటి మార్పుతోనే సరిపోవును. యజమానురాలు నాలుగు దినములు ఊరికి పోయినను లెక్క తప్పదు. మొదటి పగడము మృదు జాతిదై యుండవలెననుటకు ఇదియే కారణము. రాతి జాతులలో అక్రోపోరా యనునది కొమ్మలతో మిక్కిలి అందముగా నుండును. క్షారత కొంచెము తొట్రుపడినను దాని చర్మము ఊడిపోవును. పూలగుత్తివలె నుండు గోనియోపోరాయు క్రొత్తవారి చేతిలో క్రమముగా కృశించుట యెక్కువ. ఇవి రెండును ఎన్నో యేండ్ల అనుభవము గలవారికే తగును.

మృదు జాతులలోను అన్నియు సమానములు కావు. అంగళ్లలో "క్రొత్తవారికి సులభము" అని చూపు నాలుగింటిని విచారింతము.

మొదటిది జీనియా. చేతులను ముడుచుచు విప్పుచు నాట్యమాడుచున్నట్లుండును. చూచినవారెవరైనను దీనినే కోరుదురు. కాని దీనికి రెండే గుణములు. నచ్చినచో తొట్టియంతయు అల్లుకొనును. నచ్చనిచో కారణము చెప్పకయే ఒక్క రాత్రిలో కరగిపోవును. మొదటి పాఠమునకు ఇట్టి గురువు తగదు.

రెండవది లెదర్ కోరల్. లావుపాటి కాడపై గొడుగు విప్పినట్లు, గొడుగుపై సన్నని పాలిపులతో గంభీరముగా నుండును. గట్టిది, ఏండ్ల తరబడి బ్రదుకును. అప్పుడప్పుడు పాలిపులను లోనికి ముడుచుకొని, మైనము వంటి పలుచని పొరను కుబుసమువలె విడుచును. ఆ దినములలో చచ్చిపోయినదేమోయని భయము కలుగును. ఓపిక పట్టినచో మరల విచ్చును. చుట్టునున్న పగడములకు సరిపడని ద్రవ్యములను నీటిలో విడుచుట దీని లోపము. పెద్ద తొట్టి గలవారు దీనిని తీసికొనవచ్చును.

మూడవది జోవాంథిడ్. చిన్న చిన్న బొత్తాములవలె, ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగులలో గుంపుగా నుండును. చవుక, గట్టిది, త్వరగా పెరుగును. టెక్సాసు అమ్మాయి మనస్సు దీనిపైననే యుండునని మా ఊహ. ఈ పగడమును గూర్చి తల్లులందఱును శ్రద్ధతో వినవలెను. ఈ తెగలోని కొన్నింటి యందు, విశేషముగా పాలిథోవా యనువానియందు, పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. హవాయి దీవులలోని మాయి ద్వీపమున, హానా ప్రాంతమందు, పూర్వకాలపు వీరులు ఈ జాతి నుండియే బల్లెపు మొనలకు విషము పూసికొనిరని అక్కడివారి గాథ. ఆ విషమును మూర్, షోయర్ అను శాస్త్రజ్ఞులు వేఱుపఱచి 1971 లో ప్రకటించిరి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. వేలిపై చిన్న గాటున్నను, నలిపినప్పుడు రసము కంటిలో చింది పడినను అపాయమే. రాతిని శుభ్రము చేయుటకై దానిని వేడినీటిలో మరిగించి, ఆ ఆవిరిని పీల్చి కుటుంబమంతయు ఆసుపత్రి పాలైన ఉదంతములు వైద్యపత్రికలలో కలవు. అంగడిలో జోవాంథిడ్ ఏదో పాలిథోవా ఏదో గుర్తించుట అనుభవజ్ఞులకే కష్టము. పిల్లలు చేయి పెట్టు తొట్టిలో దీనికి చోటు లేదని మా నిశ్చితాభిప్రాయము. ఇదివఱకే తెచ్చుకొన్నవారు రబ్బరు చేతొడుగులును, కండ్లకు అద్దములును లేక ముట్టరాదు. ఆ రాతిని ఎన్నడును మరిగింపరాదు, బ్రష్షుతో తోమరాదు.

నాలుగవది మష్రూమ్. కాడ కానరాకుండ రాతికి అంటుకొని, రూపాయి బిళ్లంత మొదలు అఱచేతియంత వఱకు పఱచుకొను గుండ్రని పళ్లెము వంటి ప్రాణి. డిస్కోసోమా యనునది ఇందు ప్రసిద్ధము. ఎఱుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో దొరకును. శాస్త్రజ్ఞులు దీనిని కోరల్లిమార్ఫ్ అందురు. ఇది రాతి పగడములకు దగ్గఱి చుట్టమే యైనను రాయి కట్టదు. మందమైన వెలుతురు చాలును. నీటివేగము స్వల్పమైనను చాలును. నైట్రేటు కొంచెము హెచ్చినను సహించును. ప్రత్యేకముగా మేత పెట్టనక్కఱ లేదు. నీరు సరిపడనిచో ముడుచుకొని చిన్నదగును. సరిపడినచో మరల పఱచుకొనును. అనగా చచ్చుటకు ముందు చెప్పును. క్రొత్తవారికి ఇంతకంటె ఉపకారము చేయు గుణము వేఱొకటి లేదు. మా ఇంట 120 లీటర్ల తొట్టిలో నున్నది ఎఱ్ఱని మష్రూమ్. నాలుగేండ్లక్రిందట ఒక్కటిగా వచ్చినది, నేడు 14. పాదము జరిగిన చోటనెల్ల చిన్న ముక్కను విడుచును. ఆ ముక్క మఱొక ప్రాణి యగును. మావారి శిష్యులు వచ్చినప్పుడెల్ల వానిని లెక్కపెట్టి పోవుదురు.

కావున మా నిర్ణయము: మొదటి పగడము ఎఱ్ఱని మష్రూమ్, అదియు ఒక్కటే. జీనియావలె నాట్యమాడదు, అక్రోపోరావలె కొమ్మలు వేయదు. అయినను మీ చెడ్డ వారమును దాటగలది ఇదియే.

ఇక విశాఖ సోదరి అడిగిన రాతి పగడము మాట. అమ్మా, దానిని తీసికొనరాదు. ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో, 2001 లో, రాతి పగడములన్నింటిని చేర్చిరి. నల్ల పగడములు, అగ్ని పగడములు, ఆర్గన్ పైప్ పగడము, సముద్రపు విసనకఱ్ఱలు అనునవియు అందే కలవు. 2022 లో చట్టము సవరింపబడిన పిమ్మటను ఆ రక్షణ తొలగలేదు. పులిని రక్షించు పట్టికయు అదియే. దానిని అతిక్రమించినవారికి మూడు మొదలు ఏడేండ్ల వఱకు చెఱసాల. అమ్మినవానికే కాదు, ఇంట నుంచుకొన్నవారికిని చిక్కు తప్పదు. సజీవమైనదానికే కాదు, తీరమున అలంకారమునకై అమ్ము తెల్లని ఎండు పగడమునకును ఈ చట్టమే. చవుకబేరమునకు ఆశపడి ఇంటి కోడలిని కచ్చేరి మెట్లెక్కింపవలసిన పని లేదు.

చట్టమింత కఠినమగుటకు కారణము కలదు. మన దేశపు ప్రధానమైన పగడపు దిబ్బలు అండమాను నికోబారు దీవులు, లక్షద్వీపములు, కచ్చి సింధుశాఖ, మన్నారు సింధుశాఖ అను నాలుగు చోట్లనే కలవు. మన్నారు సింధుశాఖలో ఆ దిబ్బలను దశాబ్దముల తరబడి సున్నమునకై త్రవ్విరి. అక్కడి 21 దీవులను 1986 లో జాతీయ ఉద్యానముగా ప్రకటించిరి. సంవత్సరమునకు కొన్ని అంగుళములైనను పెరుగని జాతులు వానిలో పెక్కు గలవు. మన ముత్తవ్వల కాలమునుండి పెరిగినదానిని ఒక గునపపు పోటు పడగొట్టగలదు.

మష్రూమ్, లెదర్ కోరల్ వంటివి ఆ పట్టికలోనివి కావు. అయినను రసీదు తీసికొనుడు. ఎచ్చటనుండి వచ్చినదో వ్రాతమూలముగా అడుగుడు. ఎవరి తొట్టిలోనైనను పెంచి, ముక్కగా కోసి అమ్మునదే మేలు. సముద్రమునుండి తీసినది వలదు. వర్తకుడు తడబడినచో తిరిగి వచ్చివేయుడు. సందేహమున్నచో అటవీశాఖవారిని అడుగవచ్చును. టెక్సాసున తొట్టిలో పెంచిన రాతి పగడపు ముక్కలు విరివిగా అమ్ముదురు. అమ్మాయికి ఆశ యున్నచో, మష్రూమ్ ఏడాది పాటు క్షేమముగా పెరిగిన తరువాత, రాతి జాతులలో సౌమ్యమైన డంకన్ పగడమును చూడవచ్చును. అంతవఱకు వలదు.

అంగడిలో చూడవలసిన లక్షణములు కొన్ని కలవు. ప్రాణి పఱచుకొని యుండవలెను. అంచులు చిరిగియుండరాదు. నోరు తెఱచుకొని వ్రేలాడరాదు. గోధుమరంగు జిగురు గాని, దుర్గంధము గాని యుండరాదు. రంగు వెలసి తెల్లబడినదానిని "క్రొత్త రకము" అని చెప్పి అమ్మజూచువారు కలరు, నమ్మకుడు. అంగడికి వచ్చి రెండు వారములైనను అయినదా యని అడుగుడు. రాతిపై గాజువంటి చిన్న తామరపువ్వు రూపమున ఐప్టేసియా యను ప్రాణి యున్నచో ఆ ముక్క వలదు. అది తొట్టిలో కలుపుమొక్కవలె వ్యాపించి పగడములను కాల్చును. ఇంట నున్న చేపల పేళ్లను వర్తకునకు చెప్పుడు. సీతాకోకచిలుక చేపలును, కొన్ని ఏంజెల్ చేపలును పగడమును కొఱుకును. క్లౌన్ చేపలతో అట్టి భయము లేదు.

ఇంటికి తెచ్చిన పిమ్మట సంచిని విప్పకయే ఇరువది నిమిషములు తొట్టి నీటిపై తేలవిడువుడు, వేడిమి సమమగును. తరువాత అరగంట సేపు తొట్టి నీటిని కొంచెము కొంచెముగా సంచిలో కలుపుడు. అంగడి నీటిని తొట్టిలో పోయరాదు. పురుగులను పోగొట్టు డిప్ మందు నీటిలో, దానిపై వ్రాసిన కాలము మాత్రము ముంచి, ప్రాణిని తొట్టి అడుగున, వెలుతురు తక్కువగా నుండు చోట పెట్టుడు. రెండు వారముల తరువాత అవసరమైనచో కొంచెము పైకి జరుపవచ్చును. రాతికి అంటుకొనక విడిగా నున్న మష్రూమ్ నీటివేగమునకు కొట్టుకొనిపోవును. అట్టిదానిని చిన్న గిన్నెలో రాతిముక్కలపై నుంచి, పలుచని వలగుడ్డ కట్టుడు. వారము పదిదినములలో ఒక రాతిని పట్టుకొనును. దీపము దినమునకు ఎనిమిది గంటలు చాలును. మాటిమాటికి ముట్టవలదు, చోటు మార్చవలదు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పవలెను. చేయి పెట్టిన ప్రతిసారియు, ముందును వెనుకను, సబ్బు మిగులకుండ చేతులు కడుగవలెను.

చెడ్డ వారమునకై నేడే కొన్ని వస్తువులు సిద్ధపఱచుకొనుడు. బ్యాటరీతో పనిచేయు గాలిపంపు ఒకటి ముఖ్యము. కరెంటు పోయినప్పుడు మొదట చంపునది చీకటి కాదు, ప్రాణవాయువు లేకపోవుట. రెండు మూడు దినములు దీపము లేకున్నను పగడము ఓర్చుకొనును. చలిదేశమున తొట్టికి కంబళి చుట్టుడు. మన ఎండలలో నీటిపై చిన్న పంకా త్రిప్పినచో రెండు మూడు డిగ్రీలు తగ్గును. విశాఖ వంటి ఉక్కపోతగల సముద్రతీరమున అంతగా తగ్గదు. అచ్చట చిల్లరు అను శీతలయంత్రము తప్పనిసరి. దానికి ద్రవ్యము లేనిచో ఈ వేసవి పోవువఱకు పగడము మాటయే తలపెట్టకుండుట మంచిది. కొనకుండుటయు ఒక ఎంపికయే. దానివలన ఒక ప్రాణి బ్రదుకును.

మొదటి పగడము పెట్టిన పిమ్మట రెండు నెలల వఱకు రెండవదానికై అంగడి గడప త్రొక్కవలదు. ఆ రెండు నెలలును ఒక చిన్న పుస్తకములో దినమునకొక పంక్తి వ్రాసికొనుడు: వేడిమి ఎంత, ఉప్పు ఎంత, ప్రాణి పఱచుకొన్నదా ముడుచుకొన్నదా. పంక్తులు అఱువది నిండునాటికి మీ తొట్టి స్వభావము మీకు తెలియును. ఆ పని టెక్సాసు అమ్మాయికే అప్పగింపుడు. పండ్రెండేండ్ల పిల్లకు ఇంతకంటె మంచి ప్రకృతిశాస్త్ర పాఠము మేమెఱుగము.

తొట్టి పెట్టుకొనదలచిన సోదరీమణులు తమ ఊరి పేరును, ఇంట ఎండ పడు దిక్కును, కరెంటు సంగతిని తెలుపుచు మాకు వ్రాసినచో, ఆ ఇంటికి తగినదేదో వచ్చు సంచికలలో సాధ్యమైనంతవఱకు చెప్పగలము.